వేడిని బట్టి గాలి

నేను కామర్స్ పట్టభద్రుణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో జమాఖర్చులు చూస్తున్నవాణ్ణి. రోబో మీద వ్యాసం రాస్తున్నానంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వారు. నిజానికి నేను రాయబోయేది రోబో గురించి కాదు, దాని పెట్టెకున్న ఒక చిన్న ఫ్యాను గురించి. చిన్న చిన్న కార్ఖానాలు నడుపుకొంటున్న మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వారికి ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు.

చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక చిన్న యూనిట్ ఉంది. యజమాని తాతగారు నెల్లూరు వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మోటారు వాహనాల విడిభాగాలకు వెల్డింగ్ చేసి ఇవ్వడం వీరి పని. మా శాఖ ఇచ్చిన అప్పుతో ఒక పాత వెల్డింగ్ రోబోను కొన్నారు. పద్నాలుగుమంది పనివాళ్ళకు అదే ఆధారం.

2022 మే నెలలో తనిఖీకి వెళ్ళాను. పైన రేకుల కప్పు, లోపల కొలిమిలా వేడి. రోబో చెయ్యి చకచకా తిరుగుతోంది. పక్కనే బీరువాలాంటి దాని కంట్రోలర్ పెట్టె తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఎదురుగా పెద్ద స్టాండు ఫ్యాను పెట్టి లోపలికి గాలి కొడుతున్నారు. "వేడెక్కి ఆగిపోతోందండీ, అందుకే ఈ ఏర్పాటు" అన్నారు యజమాని. ఖర్చులేని ఉపాయమని మెచ్చుకున్నాను. రిపోర్టులో 'యంత్రం సంతృప్తికరంగా పనిచేస్తున్నది' అని రాసి సంతకం పెట్టాను.

జూన్‌లో రోబో పూర్తిగా ఆగిపోయింది. మోటార్లను నడిపే సర్వో యాంప్లిఫయరు కాలిపోయిందట. కొత్తది రావడానికి వారాలు పట్టింది. ఈలోగా ఆర్డర్లు వేరేచోటికి పోయాయి. రెండు వాయిదాలు తప్పాయి. బకాయి 90 రోజులు దాటితే ఖాతాను నిరర్థక ఆస్తుల పద్దులో వేయాలన్నది బ్యాంకుల నిబంధన. ఆగస్టులో మళ్ళీ వెళ్ళాను. ఈసారి మెచ్చుకోవడానికి కాదు.

యజమానిగారి తమ్ముడి కూతురు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. కాలిపోయిన బోర్డును బల్లమీద పెట్టి చూపించింది. నల్లటి పొడి పేరుకుని ఉంది. "ఇది ఉత్త దుమ్ము కాదు మామయ్యగారూ! గ్రైండింగులో వచ్చే ఇనుప రజను, వెల్డింగు పొగ. కరెంటును పారనిస్తుంది. తలుపు తెరిచి, ఫ్యాను పెట్టి దీన్ని మనమే లోపలికి పంపాం" అంది. నా రిపోర్టు గుర్తొచ్చి తల దించుకున్నాను.

నాకు బోధపడేలా ఆ అమ్మాయి చెప్పింది ఇది.

రోబో చెయ్యి కదలాలంటే కంట్రోలర్‌లోని పరికరాలు కరెంటును ఎప్పటికప్పుడు మార్చి మోటార్లకు అందించాలి. ఆ మార్పులో కొంత శక్తి వేడిగా పోతుంది. చెయ్యి జోరుగా పోయి ఠక్కున ఆగినప్పుడు ఆ ఊపు కూడా చాలా యంత్రాలలో వేడిగానే మారుతుంది. ఈ వేడికి ముందుగా దెబ్బతినేవాటిలో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఒకటి. 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. చాలా కంట్రోలర్లకు చుట్టూ ఉండే గాలి 45 డిగ్రీలు దాటకూడదని తయారీదారులే నిర్దేశిస్తారు.

అందుకే పెట్టెను మూసి రెండు గాలిదారులు పెడతారు. లోపలి ఫ్యాను లోపలి గాలినే తిప్పుతుంది. బయటి ఫ్యాను వెనుకనున్న లోహపు రెక్కలమీదుగా బయటి గాలిని తోస్తుంది. వేడి లోహంగుండా బయటికి వస్తుంది, దుమ్ము మాత్రం లోపలికి పోదు. తలుపు తెరిస్తే ఈ ఏర్పాటంతా వృథా.

మరి మూసి ఉన్నప్పుడు ఎందుకు వేడెక్కింది? రెక్కలు మసితో మూసుకుపోయాయి. వేడున్నా లేకున్నా రాత్రింబవళ్ళు పూర్తి వేగంతో తిరిగిన బయటి ఫ్యాను బేరింగులు అరిగిపోయాయి. అది చూడకుండా తలుపు తెరిచారు.

కొత్త యాంప్లిఫయరుతోపాటు, సర్వీసువాళ్ళ ఆమోదంతో, బయటి ఫ్యానును వేడిని బట్టి తిరిగేలా మార్చారు. మీ పిల్లల ల్యాప్‌టాప్ ఆటలాడేటప్పుడు హోరుమని, ఊరికే ఉన్నప్పుడు చప్పుడు తగ్గడం గమనించే ఉంటారు. ఇదీ అలాంటిదే. వేడిని కొలిచే సెన్సరు చెప్పినదాన్ని బట్టి వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. సెన్సరు తీగ తెగితే ఫ్యాను ఆగదు, పూర్తి వేగంతో తిరుగుతుంది. ఫ్యానే ఆగితే అలారం మోగుతుంది. లోపలి ఫ్యాను జోలికి మాత్రం పోలేదు. అది ఎప్పుడూ తిరగాల్సిందే.

"దీనివల్ల కరెంటు ఎంత మిగులుతుంది?" అన్నాను, బ్యాంకువాణ్ణి కదా! వేగం సగానికి తగ్గితే ఫ్యాను తీసుకునే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుందట. కానీ అసలు ఫ్యానే చిన్నది కాబట్టి మిగిలేది స్వల్పమే. బేరింగుల అరుగుదల, రెక్కలకు పట్టే మసి తగ్గడం అంతకంటే పెద్ద లాభం.

చివరగా చెప్పిన మాట నా మనసుకు పట్టింది. "ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగే ఫ్యాను మనకేమీ చెప్పదు. ఇది చెబుతుంది. అంతే పని, అంతే ఎండ, అయినా నిన్నటికంటే జోరుగా తిరుగుతోందంటే రెక్కలు శుభ్రం చేయమని అర్థం."

మా భాషలో చెప్పాలంటే అది పాస్‌బుక్కు. బయట చేబదులు తెచ్చి వాయిదా కట్టే ఖాతా పైకి నిక్షేపంలా కనిపిస్తుంది. లోపలి జబ్బు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఆ స్టాండు ఫ్యాను చేసిందీ అదే. జబ్బును కప్పిపెట్టింది. నేను దానికి సంతకం పెట్టాను.

ఆగస్టు చివర్లో రోబో మళ్ళీ కదిలింది. సెప్టెంబరులో గడువు దాటకముందే బకాయి జమ అయింది. పోయిన ఆర్డర్లు అన్నీ తిరిగి రాలేదు, పనివాళ్ళలో ఇద్దరు వేరేచోట చేరిపోయారు. ఆ నష్టం ఏ పద్దులోనూ కనబడదు.

ఇప్పుడు ఏ కార్ఖానాకు తనిఖీకి వెళ్ళినా తెరిచి ఉన్న పెట్టె కనిపిస్తే ఒక్క ప్రశ్న వేస్తాను: "ఇది ఎందుకు వేడెక్కుతోంది?" జవాబు దొరికాకే సంతకం. మీ కార్ఖానాలోనూ యంత్రం పెట్టె ముందు స్టాండు ఫ్యాను ఉంటే, రేపు ఉదయమే తలుపు మూయించి, వెనుక ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. వందల రూపాయల ఫ్యానే లక్షల యంత్రాన్ని కాపాడేది.