ఇసుక గడియారం, గోరువెచ్చని టీ

మా చిన్నాయన కోయంబత్తూరు నుంచి మా ఇంటికి వచ్చి నాలుగేళ్ళయింది. ఫిబ్రవరిలో ఉన్నట్టుండి ఫోను చేసి, "ఆదివారం బెంగళూరులో ఒక పెండ్లి ఉంది. సాయంత్రం మీ ఇంటికొచ్చి, రాత్రి రైలుకు పోతాను" అన్నారు. చిన్నమ్మ పోయిన తర్వాత ఆయన ఊరు దాటి రావడం అదే మొదలు.

చిన్నాయన కూనూరులో, తేయాకు వేలంపాటలు జరిపే కంపెనీలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశారు. రుచి చూసే ఉద్యోగం కాదు, లెక్కలు రాసే ఉద్యోగం. అయినా రుచి చూసేవాళ్ళ పక్కన అన్నేళ్ళు కూర్చున్న మనిషికి ఆ విద్య అబ్బకుండా ఉంటుందా! తెల్ల పింగాణీ పాత్రలో 100 మిల్లీలీటర్ల నీళ్ళకు 2 గ్రాముల ఆకు, సలసల కాగిన నీళ్ళు, సరిగ్గా 6 నిమిషాలు అని చిన్నప్పుడు మాకు ఎక్కాల్లా అప్పజెప్పేవారు.

అంతటి మనిషికి స్టీలు గ్లాసులో ఏమిస్తాం అనుకున్నాను. మల్లేశ్వరంలో మా ఇంటికి రెండు వీధుల అవతల కొత్తగా ఒక టీ రూము పెట్టారు. గాజు తలుపులు, తీగల కుండీలు, పసుపు దీపాలు. దాని ముందు నుంచి రోజూ నడుస్తానే గాని లోపలికి పోయింది లేదు. మేమూ ఇక్కడ బాగానే ఉన్నామని ఆయనకు చూపించాలన్న సరదా కూడా ఉందని ఒప్పుకోవాలి.

చిన్నాయన రాగానే సంచిలోంచి కాగితం పొట్లం తీసి మా ఆవిడ చేతికిచ్చారు. "కూనూరు చలికాలపు ఆకమ్మా. నీళ్ళు పెట్టు, అందరం తాగుదాం" అన్నారు. డిసెంబరు, జనవరి చలికి నీలగిరుల్లో మొక్క ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడు కోసిన కొద్దిపాటి ఆకుకు సువాసన ఎక్కువ. "అది తర్వాత చిన్నాయనా, ముందు పదండి" అని తొందరపెట్టింది నేనే.

అక్కడ మెనూ కార్డు లేదు, ఫోనుతో బల్లమీది బొమ్మను ఫోటో తీయాలట. చిన్నాయనది బటన్ల ఫోను. నేనే చదివి వినిపించాను. 'నీలగిరి ఆర్థడాక్స్' అన్న మాట వినగానే ఆయన ముఖం వెలిగింది. కప్పు 320 రూపాయలు.

పాతికేళ్ళ కుర్రాడు గాజు కూజాలు తెచ్చాడు. పక్కనే 3 నిమిషాల ఇసుక గడియారం. చూడముచ్చటగానే ఉంది. కూజాలో మాత్రం ఆకు లేదు, దారం కట్టిన సంచి వేలాడుతోంది. ఇసుకంతా కిందికి జారినా నీళ్ళకు రంగు దిగలేదు. చిన్నాయన కూజా మీద అరచెయ్యి పెట్టి చూశారు. చెయ్యి తియ్యనవసరం రాలేదు.

"కూనూరు ఆరువేల అడుగుల ఎత్తు. అక్కడ నీళ్ళు 94 డిగ్రీలకే తెర్లుతాయి. ఇక్కడ 97. మాకన్నా మీకే మంచి టీ రావాలి కదా" అని నవ్వారు.

మా తెలుగు విని కుర్రాడు దగ్గరికొచ్చాడు. పావగడ వాడట. "కింద కెటిల్ చెడిపోయింది తాతా. మిద్దె మీద నుంచి ఫ్లాస్కులో తెస్తా ఉన్నాం" అని గొంతు తగ్గించి చెప్పాడు. మేనేజరు వచ్చి, ఆకు మాడిపోకుండా నీళ్ళు కావాలనే చల్లారుస్తామన్నాడు. అది గ్రీన్ టీ సంగతి, దానికి 80 డిగ్రీలు చాలు. నల్ల టీకి మరిగిన నీళ్ళు పడందే ఆకు విప్పుకోదు. నేను ఊరుకోలేదు, గొంతు పెంచాను. కుర్రాడి మీదికి మాట వస్తుందని భయపడ్డారేమో, చిన్నాయన ఆ కప్పు గటగటా తాగేసి, "బాగుంది లేరా, కూర్చో" అన్నారు.

అంతకు ముందే ఆయన రెండుసార్లు, "మీ చిన్నమ్మ చివరి రోజుల్లో..." అని మొదలుపెట్టారు. మొదటిసారి పాటల హోరులో నాకు వినపడలేదు. రెండోసారి మేనేజరు వచ్చాడు.

బిల్లులో సర్వీసు చార్జీ కూడా వేశారు. దాన్ని బలవంతంగా వసూలు చేయకూడదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ సమర్థించింది. ఆ వాదనలో నేనే గెలిచాను. గెలిచేసరికి పావుగంట పోయింది, రైలుకు టైమయింది. చిన్నాయన పోతూ పోతూ పావగడ కుర్రాడి జేబులో వంద నోటు పెట్టారు.

స్టేషన్‌లో మాట్లాడుకోడానికి ఏముంటుంది? సామాను, బెర్తు, నీళ్ళ సీసా.

మర్నాడు పొద్దున మా ఆవిడ ఆ పొట్లం విప్పింది. వంటిల్లంతా పూలవాసన లాంటిది కమ్ముకుంది. ఆయన ఇల్లు చేరి ఉంటారని ఫోను చేశాను. చిన్నమ్మ మాట ఎలా అడగాలో తెలియక టీ సంగతి ఎత్తాను.

"నీళ్ళు బాగా తెర్లినాకే పోసినారా?" అన్నారు.

పోశామన్నాను. "సరే, తాగు. చల్లారిపోతుంది. నేను లైన్లోనే ఉంటా" అన్నారు.