మాట నిలిపే కిరణం

1888లో జర్మనీ చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ స్వరపేటిక క్యాన్సర్‌తో చనిపోయాడు. ఏలింది 99 రోజులే. ఆ రోజుల్లోనూ నోట మాట లేక, చెప్పదలచుకున్నది కాగితం మీద రాసి చూపేవాడు. అప్పటికి వైద్యుల చేతిలో ఉన్నది కత్తి ఒక్కటే. స్వరపేటికను పూర్తిగా తీసేసే ఆపరేషన్‌ను 1873లో వియన్నాలో సర్జన్ బిల్‌రోత్ చేశాడు. దానితో సహజమైన గొంతు పోతుంది, ఊపిరి జీవితాంతం మెడకు పెట్టిన రంధ్రం గుండానే.

1895లో ఎక్స్‌రేలు వచ్చాయి. కానీ ఒక్కసారే పెద్ద మోతాదు ఇస్తే కణితితో పాటు చర్మమూ మాడిపోయేది. పారిస్ రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో క్లాడియస్ రెగో, కణితిలాగే కణాలు వేగంగా విభజించే పొట్టేళ్ల వృషణాల మీద పరీక్షలు చేశాడు. మోతాదును రోజులకు పంచి ఇస్తే లోపలి వీర్యకణాల పుట్టుక ఆగింది, పైచర్మం నిలిచింది. ఆయన సహచరుడు హెన్రీ కుతార్ ఈ పద్ధతిని గొంతుకు వాడి, ముదిరిన స్వరపేటిక క్యాన్సర్ కూడా నయమవుతుందని 1922లో చూపించాడు. నా దృష్టిలో క్యాన్సర్ వైద్యాన్ని మలుపు తిప్పింది ఏ యంత్రమూ కాదు, ఈ పంపకమే.

కిరణాలు కణంలోని డీఎన్‌ఏను తెంచుతాయి. ఆరోగ్యంగా ఉన్న కణం మర్నాటికల్లా చాలావరకు మరమ్మతు చేసుకుంటుంది. క్యాన్సర్ కణానికి ఆ నేర్పు తక్కువ. అందుకే వారానికి ఐదు రోజులు, ఆరేడు వారాలు. మెడ కదలకుండా ముఖానికి అచ్చుగా పోసిన ప్లాస్టిక్ మాస్క్ బిగిస్తారు. సిట్టింగ్ కొద్ది నిమిషాలే, నొప్పి ఉండదు. స్వరతంతువుల్లో లింఫ్ నాళాలు బహు తక్కువ కాబట్టి వ్యాధి త్వరగా పాకదు. తొలిదశలో పట్టుకుంటే చాలామందికి నయమవుతుంది, మాటా మిగులుతుంది. ముదిరినవారికి సిస్‌ప్లాటిన్ మందు జోడిస్తారు. మృదులాస్థిని తొలిచేసిన కణితికి మాత్రం ఆపరేషనే మేలు.

కష్టమంతా మూడో వారం నుంచి. మింగితే మంట, మెడ చర్మం నల్లబడటం, గొంతు ఇంకా బొంగురుపోవడం. "కరెంటు పెడితే ఎక్కువైంది" అని కిరణ చికిత్స మానేసేవాళ్లు ఇక్కడే మానేస్తారు. సరిగ్గా అప్పుడే, మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరగడం మొదలుపెడతాయి. పోయిన ప్రతి రోజూ వాటికే లాభం. బీడీ, చుట్ట, సిగరెట్ మానకపోతే కణితికి ఆక్సిజన్ తగ్గి కిరణాల పదునూ తగ్గుతుంది.

మూడు వారాలు దాటినా గొంతు బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. చికిత్స మొదలైతే, ఒక్క సిట్టింగ్ కూడా వదలకండి.