ఒత్తిడికి లోనైన పగడం: గుర్తింపు, సంరక్షణ

ఈ భాగం చదివిన తరవాత మీరు ఉప్పునీటి ఆక్వేరియంలోని పగడం వివర్ణమైందో, కణజాలాన్ని కోల్పోతోందో గుర్తించగలుగుతారు. సంరక్షణ చర్యలను సరైన క్రమంలో వివరించగలుగుతారు.

1. పగడం తెల్లబడటానికి కారణం

పగడం సీలెంటరేటా వర్గానికి చెందిన జంతువు. దాని కణాలలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఇవి తయారుచేసే ఆహారంలో అధిక భాగం పగడానికి చేరుతుంది. ఉష్ణోగ్రత లేదా కాంతి తీవ్రత హద్దు దాటితే ఈ చర్య దెబ్బతిని, హానికరమైన ఆక్సిజన్ రూపాలు కణాలలో పోగవుతాయి. అప్పుడు పగడం శైవలాలను కోల్పోతుంది. పారదర్శకమైన కణజాలం గుండా కాల్షియం కార్బొనేట్ అస్థిపంజరం తెల్లగా కనిపిస్తుంది. దీనినే వివర్ణత అంటారు. ఈ దశలో పగడం ఇంకా బతికే ఉంటుంది. కాని దాని ప్రధాన ఆహార వనరు పోయింది.

2. లక్షణాలను బట్టి నిర్ధారణ

అ) తెలుపు రంగు, పైన పలుచని కణజాలం, పాలిప్‌లు కనిపించడం: వివర్ణత. వేడిని, కాంతిని అనుమానించాలి.
ఆ) అస్థిపంజరం నగ్నంగా బయటపడటం: కణజాల నష్టం. క్షారత ఒక్కసారిగా మారడం, వ్యాధి, పరభక్షకాలు దీనికి కారణాలు కావచ్చు.
ఇ) రంగు గోధుమ వర్ణానికి మారడం: శైవలాల సంఖ్య పెరిగింది. కాంతి తక్కువ కావడం లేదా నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువ కావడం కారణం కావచ్చు.
ఈ) పగలంతా పాలిప్‌లు ముడుచుకొని ఉండటం: నీటిలో మార్పు, బలమైన ప్రవాహం లేదా పక్క పగడం కుట్టడం. కొన్ని జాతులు సహజంగా రాత్రి వేళ మాత్రమే విచ్చుకుంటాయని గమనించండి.

3. సంరక్షణ క్రమం

ముందుగా నీటిని పరీక్షించాలి. ఉష్ణోగ్రత 24–27 డిగ్రీల సెల్సియస్, లవణీయత లీటరుకు సుమారు 35 గ్రాములు, క్షారత 7–9 డికెహెచ్, కాల్షియం లీటరుకు 400–450 మిల్లీగ్రాములు ఉండటం అనుకూలం.

ఉదాహరణ: మీ తొట్టిలో 200 లీటర్ల నీరు ఉంది. వేసవిలో 10 లీటర్లు ఆవిరైంది. ఉప్పు ఆవిరి కాదు కనుక, 7,000 గ్రాముల ఉప్పు 190 లీటర్లలో మిగిలి, లవణీయత సుమారు 36.8కి పెరుగుతుంది. ఈ లోటును ఉప్పునీటితో భర్తీ చేస్తే పెరిగిన లవణీయత అలాగే నిలిచిపోతుంది. శుద్ధిచేసిన మంచినీటినే పోయాలి.

తరవాత కారణాన్ని నెమ్మదిగా సరిదిద్దాలి. వేడెక్కిన నీటిలో ఐస్ గడ్డలు వేయకండి. నీటి ఉపరితలంపైకి ఫ్యాన్ గాలి తగిలేలా చేస్తే ఆవిరి వల్ల ఉష్ణోగ్రత క్రమంగా తగ్గుతుంది. క్షారతను రోజుకు 1 డికెహెచ్‌కు మించి మార్చకూడదు. వివర్ణమైన పగడానికి కాంతి తగ్గించి, సన్నని జంతుప్లవకాలను కొద్దికొద్దిగా ఆహారంగా ఇవ్వాలి. కణజాలం వేగంగా ఊడిపోతుంటే ఆరోగ్యంగా ఉన్న కొమ్మను కత్తిరించి వేరుచేయాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అందువల్ల ఒక్కొక్క మార్పు చేసి, తేదీతో నమోదు చేయండి. రంగు తిరిగి రావడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది.

4. చట్టం, సముద్రం

భారతదేశంలో రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సముద్రం నుంచి సేకరించడం, అమ్మడం నేరం. కనుక ఈ పాఠాన్ని పగడాలను ఇంటికి తెచ్చుకోవడానికి ప్రోత్సాహంగా భావించకండి. 1998, 2010, 2016 సంవత్సరాలలో సముద్రపు నీరు వేడెక్కి లక్షద్వీప్ పగడాలు వివర్ణమయ్యాయి. కారణం తొట్టిలోనూ, సముద్రంలోనూ ఒక్కటే. తొట్టిలో ఫ్యాన్ పెట్టగలం. సముద్రానికి ఆ వీలు లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వివర్ణతకు, కణజాల నష్టానికి తేడా ఏమిటి?
2. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీటిని ఎందుకు పోయకూడదు?