ఆక్వేరియంలో హీటర్ స్థానం: అపోహలు – వాస్తవాలు

ఇళ్లలో పెంచే అలంకార చేపల్లో అధిక భాగం ఉష్ణమండల జలాలకు చెందినవి: నియాన్ టెట్రా, ఏంజెల్, డిస్కస్ జాతులు దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతానివి కాగా, ఫైటర్ చేప థాయ్‌లాండ్ పరిసరాల్లోని చిత్తడి నేలలది. చేప తన శరీరపు వేడిని తానుగా నిలుపుకోలేక చుట్టూ ఉన్న నీటి ఉష్ణోగ్రతకే లోబడి బతికే ప్రాణి కనుక, డిసెంబరు, జనవరి రాత్రుల్లో హైదరాబాదులో ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకు దిగినప్పుడు, 24 నుంచి 28 డిగ్రీల నీటిలో హాయిగా ఉండే ఈ జాతుల్లో చాలావాటికి హీటర్ ఆసరా కావలసివస్తుంది. కోస్తా పట్టణాల్లో ఆ అవసరం బాగా తక్కువ. హీటర్ ఎన్ని వాట్లదో అడిగి తెలుసుకునే కొనుగోలుదారు దాన్ని తొట్టిలో ఎక్కడ అమర్చాలో అరుదుగా అడుగుతాడు, ఆ ఖాళీని రకరకాల నమ్మకాలు ఆక్రమించుకున్నాయి.

వాటిని పరిశీలించే ముందు పరికరం నిర్మాణాన్ని గమనించాలి. సాధారణ ఆక్వేరియం హీటర్ మూసి ఉన్న గాజు గొట్టం; దాని కింది భాగంలో వేడెక్కే నిక్రోమ్ తీగచుట్ట, పై భాగంలో థర్మోస్టాట్, అంటే నిర్ణయించిన ఉష్ణోగ్రత రాగానే విద్యుత్తును నిలిపివేసి నీరు చల్లబడగానే తిరిగి అందించే మీట, ఉంటాయి. ఈ మీట తనను తాకుతున్న నీటి వేడిని మాత్రమే గ్రహించగలదు. తొట్టి అవతలి మూలలో ఏం జరుగుతున్నదో దానికి తెలియదు.

అపోహ: వేడి పైకి పోతుంది కనుక హీటర్‌ను అడుగున పెడితే నీరంతా దానంతటదే సమంగా వేడెక్కుతుంది.

ఇందులో సగం నిజముంది. వేడెక్కిన నీరు వ్యాకోచించి తేలికై పైకి చేరుతుంది, ఆ స్థానంలోకి చల్లని నీరు వస్తుంది; ఈ కదలికనే సంవహనం అంటారు. అయితే సంవహనం ఒక్కటే పనిచేసే చోట నీరు పొరలు పొరలుగా విడిపోయే ప్రమాదముంది, ఎందుకంటే కదలని నీరు వేడిని చాలా నెమ్మదిగా ప్రసరింపజేసే పదార్థం. స్నానానికి బకెట్‌లో ఇమ్మర్షన్ రాడ్డు పెట్టే ఇళ్లలో ఈ సంగతి అనుభవమే: పైన చెయ్యి పెట్టలేనంత వేడి, అడుగున చల్లదనం. ఆక్వేరియంలోనూ తీగచుట్టకు దిగువనున్న నీరు, రాళ్ల చాటునున్న నీరు చల్లగానే మిగిలిపోతాయి. అందుచేత హీటర్ స్థానాన్ని నిర్ణయించేది ఎత్తు కంటే నీటి ప్రవాహం. ఫిల్టర్ నుంచి నీరు బయటికి వచ్చే చోటుకు దగ్గరగానో, నీటిని లోపలికి పీల్చుకునే గొట్టం పక్కనో అమర్చిన హీటర్ తన వేడిని ప్రవాహానికి అప్పగిస్తుంది, ఆ ప్రవాహం దాన్ని తొట్టి నలుమూలలకూ చేరుస్తుంది. గాలి పంపు మాత్రమే ఉన్న చిన్న తొట్టిలో బుడగలు లేచే రాయి పక్కన పెట్టినా ఇదే ఫలితం వస్తుంది, కాకపోతే బుడగల ధాటికి నీటిమట్టం గీత దగ్గర గాజు తడిసి ఆరుతూ ఉండకుండా చూడాలి.

అపోహ: హీటర్ నిలువుగా మాత్రమే ఉండాలి, అడ్డంగా పెడితే పాడైపోతుంది.

ఈ మాట వెనుక పాత పరికరాల చరిత్ర ఉంది. తొట్టి అంచుకు తగిలించి, తల నీటిపైన ఉండేలా వేలాడదీసే హీటర్లను అడ్డంగా పెట్టడం అసాధ్యం, పెడితే ప్రమాదం. పూర్తిగా మునిగేందుకే తయారైన సబ్‌మెర్సిబుల్ హీటర్లలో చాలావాటిని అడ్డంగానూ, ఏటవాలుగానూ అమర్చవచ్చు; కొన్ని నమూనాలకు తయారీదారే నిలువు స్థితిని విధిస్తాడు కనుక డబ్బాలోని కాగితం చదవక తప్పదు. నిలువు అమరికలోని ఇబ్బంది చాలామంది ఊహించని చోట ఉంది. ప్రవాహం లేని నీటిలో తీగచుట్ట వద్ద వేడెక్కిన నీరు గొట్టాన్ని ఆనుకొని పైకి పాకి సరాసరి థర్మోస్టాట్‌ను తాకుతుంది, దానితో తొట్టి మొత్తం వేడెక్కిందన్న భ్రమలో అది ముందే ఆగిపోతుంది. అడ్డంగా లేదా వాలుగా ఉన్నప్పుడు ఆ వేడినీటి ధార థర్మోస్టాట్‌కు తగలకుండా పైకి లేచిపోతుంది. అంతేకాక అడుగుకు కాస్త ఎత్తులో అడ్డంగా ఉన్న హీటర్, నీరు ఆవిరై మట్టం తగ్గినా, మునిగే ఉంటుంది.

అందానికి హీటర్‌ను గులకరాళ్లలో పూడ్చే అలవాటుకు మాత్రం ఏ సమర్థనా లేదు. రాళ్ల మధ్య నీరు కదలదు, వేడి ఒకే చోట పోగై గాజు పగిలే అవకాశముంది. మొక్కల వెనుక దాచవచ్చు, కానీ చుట్టూ నీరు పారేంత చోటు వదలాలి. సక్కర్ చేప వంటివి గాజుకు అతుక్కుని కాలిపోతాయి గనుక అవి ఉన్న తొట్టిలో రంధ్రాలున్న ప్లాస్టిక్ తొడుగు అవసరం.

అపోహ: ఎక్కువ వాట్ల హీటర్ అయితే ఎక్కడ పెట్టినా ఫరవాలేదు.

100 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి సుమారు 419 కిలోజౌళ్ల శక్తి కావాలి. 100 వాట్ల హీటర్ ఆ పనిని, బయటికి పోయే వేడిని లెక్కించకుంటే, దాదాపు 70 నిమిషాల్లో చేస్తుంది. లీటరుకు ఒక వాటు అన్న వాడుక సూత్రం మన చలికి సరిపోతుంది. 300 వాట్ల పరికరాన్ని ప్రవాహం లేని మూలలో పెడితే తన చుట్టూ నీటిని చప్పున వేడెక్కించి ఆగిపోతుంది, అవతలి మూల చల్లగానే ఉంటుంది. పైగా థర్మోస్టాట్ మీట అతుక్కుపోయి ఆగకుండా పనిచేస్తే అంత పెద్ద హీటర్ అదే 100 లీటర్లను గంటకు రెండు డిగ్రీలకు మించి వేడెక్కించగలదు. పొడవైన తొట్టిలో చెరొక చివర రెండు చిన్న హీటర్లు పెట్టడం ఇందుకే మేలు: ఒకటి ఆగిపోతే రెండోది చలిని కొంత కాస్తుంది, ఒకటి అతుక్కుపోతే చేపలు ఉడికేలోపు గమనించడానికి వ్యవధి దొరుకుతుంది.

థర్మామీటర్‌ను హీటర్ పక్కనే అతికించేవారు చదివేది హీటర్ సొంత వేడిని. దాన్ని తొట్టి రెండో చివరన ఉంచాలి. ఆ చివరి అంకె, హీటర్‌పై తిప్పి పెట్టిన అంకె ఒకదానికొకటి దగ్గరగా ఉంటేనే నీరు బాగా కలుస్తున్నట్టు.

అపోహ: వేసవిలో హీటర్‌ను 26 డిగ్రీలకు తిప్పి ఉంచితే నీరు 26 డిగ్రీలకు మించదు.

హీటర్‌కు చల్లబరిచే శక్తి లేదు. గది 36 డిగ్రీలకు చేరినప్పుడు అది ఊరక నిలిచి ఉంటుందే తప్ప ఎక్కడ పెట్టినా ఉపకరించదు. అప్పుడు చేసుకోవలసిన ఏర్పాటు వేరు: 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు కరిగే ఆక్సిజన్ 30 డిగ్రీల వద్ద సుమారు ఏడున్నరకు తగ్గుతుంది కాబట్టి, నీటి ఉపరితలాన్ని కదిలించే పంపు, మూత తీసి తిప్పే ఫ్యాను అవసరమవుతాయి.

నీరు మార్చే రోజున స్థానం మళ్లీ ముఖ్యమవుతుంది. మట్టం తగ్గించినప్పుడు బయటపడిన గాజు, లోపలి తీగ వేడికి విపరీతంగా కాగి, కొత్తనీరు తగలగానే పగులుతుంది. కనుక ముందుగా ప్లగ్గు తీసి, పావుగంటకు తగ్గకుండా ఆగి, ఆ తర్వాతే నీరు తోడాలి. గొట్టంపై ముద్రించిన కనిష్ఠ నీటిమట్టం గీత మునిగేదాకా మళ్లీ స్విచ్ వేయకూడదు. హీటర్ తీగ సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా ఉంటే, దాని వెంట జారే నీటిబొట్లు సాకెట్‌లోకి చేరకుండా ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోతాయి.