పేరు నంద్యాలది, పుట్టిల్లు పటాన్‌చెరు!

శిరివెళ్ల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగడి నేలల్లో చలికాలం పప్పుశనగ కనిపిస్తుంది. రీల్ తీసేంత అందమేం ఉండదు. కానీ కార్పొరేట్ ఆఫీసుల్లో పవర్‌పాయింట్లు వేసి చెప్పే ‘ఓపెన్ ఇన్నొవేషన్’ కథ ఈ పంటలో ఎప్పుడో నడిచింది.

ఈ మాటను పాపులర్ చేసింది అమెరికన్ ప్రొఫెసర్ హెన్రీ చెస్‌బ్రో, 2003లో. తెలివైనవాళ్లంతా మన ఆఫీసులోనే ఉండరు కాబట్టి బయటి ఐడియాలు తీసుకోండి, మనవి బయటికి ఇవ్వండి అన్నాడు. వినడానికి బాగుంటుంది. అమలు దగ్గరే అసలు తంటా. “అది మేం కనిపెట్టింది కాదుగా” అనే అహం అడ్డొస్తుంది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ లాంటి పెద్ద కంపెనీ కూడా, సగం ఐడియాలు బయట నుంచి రావాలని టార్గెట్ పెట్టుకున్నాక ముందు మార్చాల్సి వచ్చింది ఈ బుద్ధినే.

ఇక మన పప్పుశనగకి వద్దాం. పాత రకాల మొక్క పొట్టిగా, పక్కలకి పరుచుకుని పెరుగుతుంది. కాయలు నేలకి దగ్గరగా ఉంటాయి కాబట్టి కోత మిషన్ బ్లేడుకి అందవు. చేత్తోనే కోయాలి. ఆకు మీద ఊరే పులుపుకి చేతులు మండిపోతాయి. కూలీలు దొరకడమే కష్టమైన రోజుల్లో ఆ పనికి ఎవరొస్తారు?

కావాల్సింది నిటారుగా, ఎత్తుగా పెరిగే మొక్క. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం దగ్గర పొలం ఉంది, ఇక్కడి నేల తెలుసు, రైతుల ఇబ్బంది తెలుసు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దగ్గర దేశదేశాల శనగ విత్తనాలు, వాటితో చేసిన సంకరాలు ఉన్నాయి. ఆ సరుకులోంచి నంద్యాల శాస్త్రవేత్తలు ఏరి తీసిందే ఎన్‌బీఈజీ 47, మరో పేరు ‘ధీర’. మిషన్‌తో కోయడానికి పనికొచ్చే రకంగా 2010ల మధ్యలో బయటికొచ్చింది.

పేరులో మొదటి అక్షరం చూడండి, ‘ఎన్’ అంటే నంద్యాల. పటాన్‌చెరు ఊసే లేదు! అంతకుముందు 1999లో విడుదలై, కర్నూలు రైతులకి బాగా నచ్చిన జేజీ 11 కూడా అంతే. అది ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ వర్సిటీ కలిసి తెచ్చిన రకం. ‘జే’ అంటే ఆ వర్సిటీ పేరులోని జవహర్. తన సరుకుతో వచ్చిన రకానికి ఎవరి పేరైనా పెట్టుకోనివ్వడం ఇక్రిశాట్ పద్ధతి. నన్నడిగితే సగం గొడవ అక్కడే తీరిపోయింది. ప్రమోషన్, బడ్జెట్, ఫొటో అన్నీ పేరు చుట్టూనే తిరుగుతాయి మరి.

మిగతా సగం కాగితాలది. రెండు సంస్థలు చేతులు కలపాలంటే లాయర్లకే ఏడాది పడుతుంది. విత్తనాల విషయంలో అంతర్జాతీయ ఒప్పందం కింద ఒకే నమూనా పత్రం ఉంది. ఎవరు తీసుకున్నా అవే షరతులు, ప్రతిసారీ కొత్తగా బేరం ఆడక్కర్లేదు. మన కాలేజీలు, స్టార్టప్‌లు కాపీ కొట్టాల్సింది ఇదే. (ఈ కాపీకి మార్కులు పోవు!)

అయితే పని అయిపోలేదు. కోతకి మిషన్ వచ్చినా కలుపు తీతకి ఇంకా కూలీలే దిక్కు. చేలో మొక్క లేచాక కలుపు మందు కొడితే శనగ కూడా దెబ్బతింటుంది. అందుకే మందుని తట్టుకునే రకాల కోసం ఇప్పుడు వెతుకుతున్నారు.