పై పోర్షన్ వాళ్లకూ మీ వైఫై ఇస్తున్నారా..? రూటర్‌లో ఈ సెట్టింగ్స్ మార్చకపోతే చిక్కులే!

ఇంట్లో నెట్ కనెక్షన్ ఒక్కటే. దాని మీద నడిచేవి మాత్రం బోలెడు. ఆఫీస్ ల్యాప్‌టాప్, పిల్లల కంప్యూటర్, స్మార్ట్ టీవీ, సీసీ కెమెరా.. ఇవి చాలవన్నట్టు బిల్లు సగం సగం పంచుకుంటూ పై పోర్షన్‌లో అద్దెకున్న వాళ్లూ అదే వైఫై వాడుతుంటారు. పంచుకోవడం తేలికే. కానీ పాస్‌వర్డ్ చెప్పేసి ఊరుకుంటే మాత్రం ఇబ్బందులు తప్పవు.

ఎన్ని కంప్యూటర్లున్నా ఒకే అడ్రస్

రూటర్‌కు ఎన్ని కంప్యూటర్లు కనెక్ట్ చేసినా బయటికి సాధారణంగా కనిపించేది ఒకే ఐపీ అడ్రస్. లోపల ఏ ల్యాప్‌టాప్ నుంచి ఎవరు ఏం పంపారో బయటి వాళ్లకు తెలియదు. ఏదైనా నేరం జరిగితే ఆ అడ్రస్ పట్టుకుని పోలీసులు ముందు వచ్చేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికే.

2008 జులై 26న అహ్మదాబాద్ వరుస పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు బెదిరింపు మెయిల్ వచ్చింది. ఆరా తీస్తే అది నవీ ముంబైలో ఉంటున్న ఓ అమెరికన్ కనెక్షన్ నుంచి వెళ్లినట్టు తేలింది. ఆయన వైఫైని వేరే వాళ్లు వాడుకున్నారని తర్వాత బయటపడింది. అప్పటిదాకా ఆయన విచారణ ఎదుర్కోక తప్పలేదు.

మరి ఏం చేయాలి?

1. అడ్మిన్ పాస్‌వర్డ్: ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రూటర్ సెట్టింగ్స్ తెరిచే పాస్‌వర్డ్. చాలా రూటర్లలో బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 అని కొడితే ఆ పేజీ వస్తుంది. సరైన అడ్రస్ రూటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ వెంటనే మార్చేయాలి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాలు, రూటర్లలోకి చొరబడింది.

2. వైఫై సెక్యూరిటీ: డబ్ల్యూపీఏ3 ఉంటే అదే పెట్టాలి. లేదంటే డబ్ల్యూపీఏ2. పాత డబ్ల్యూఈపీ అస్సలు వద్దు. ఫోన్ నంబర్, ఇంటి పేరు లాంటివి కాకుండా కనీసం 12 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టుకోవాలి.

3. డబ్ల్యూపీఎస్ ఆఫ్: ఇందులో 8 అంకెల పిన్ ఉంటుంది. కానీ రూటర్ దాన్ని రెండు ముక్కలుగా చెక్ చేస్తుంది. దాంతో దాదాపు 11 వేల ప్రయత్నాల్లోనే పిన్ దొరికిపోతుందని 2011లోనే బయటపడింది.

4. గెస్ట్ నెట్‌వర్క్: పై పోర్షన్ వాళ్లకు, చుట్టాలకు, స్మార్ట్ టీవీకి ఇదే ఇవ్వాలి. నెట్ వస్తుంది కానీ మీ కంప్యూటర్లు వాళ్లకు కనిపించవు. గెస్ట్‌లను లోకల్ నెట్‌వర్క్‌లోకి అనుమతించే ఆప్షన్ ఉంటే ఆఫ్ చేయాలి.

5. విండోస్ కంప్యూటర్లో: ఫైల్స్ షేర్ చేసుకునే పని లేకపోతే నెట్‌వర్క్ ప్రొఫైల్‌ను పబ్లిక్‌లో ఉంచాలి. అప్పుడు అదే వైఫైలో ఉన్న మిగతా వాళ్లకు ఆ కంప్యూటర్ కనిపించదు.

6. అప్‌డేట్స్: రూటర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకోవాలి. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయాలి.

క్యూఆర్ కోడ్ పంపితే సేఫేనా?

చాలామంది పాస్‌వర్డ్ చెప్పకుండా వైఫై క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెట్టేస్తుంటారు. ఆ కోడ్‌లో ఉండేది మీ పాస్‌వర్డే! స్క్రీన్‌షాట్ ఎవరి చేతికి చేరితే వాళ్లు కనెక్ట్ అయిపోవచ్చు.

ఇది మాత్రం మర్చిపోవద్దు

గెస్ట్ నెట్‌వర్క్ మీ ఫైల్స్‌ను కాపాడుతుందే తప్ప మీ పేరును కాదు. గెస్ట్‌లో ఉన్న వాళ్లు ఏం చేసినా బయటికి కనిపించేది మీ కనెక్షనే. అందుకే బాగా తెలిసిన వాళ్లకు తప్ప ఇవ్వకపోవడమే మేలు. ఇంటి బయటి వాళ్లతో పంచుకోవడానికి మీ ప్లాన్ ఒప్పుకుంటుందో లేదో కూడా చూసుకోవాలి. అద్దెకున్న వాళ్లకు వేరే కనెక్షన్ ఉంటే ఇద్దరికీ నిశ్చింత. వాళ్లు ఖాళీ చేసి వెళ్లిన రోజే పాస్‌వర్డ్ మార్చేయాలి. నెలకోసారి రూటర్ పేజీలో కనెక్టయిన డివైజ్‌ల లిస్ట్ చూసుకోవాలి. తెలియని డివైజ్ కనిపిస్తే పాస్‌వర్డ్ మార్చాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకుంటే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి.