ఉర్దూ నవల నుంచి ఊరి పాట దాకా

కూలోళ్ళ మీటింగులో డప్పు మోగితే చాలు, ఎవరో ఒకరు 'బండెనక బండి' ఎత్తుకుంటారు. పాట అందరికీ వచ్చు. దాన్ని తెరకెక్కించిన 'మాభూమి' సినిమా పేరూ తెలుసు. ఆ సినిమాకు మూలం కిషన్ చందర్ రాసిన ఉర్దూ నవల అని మాత్రం తెలిసినవాళ్ళు తక్కువ.

నవల పేరు 'జబ్ ఖేత్ జాగే'. పొలాలు మేల్కొన్నప్పుడు అని అర్థం. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటమే కథావస్తువు. రాఘవరావు అనే కుర్రాడికి తెల్లారితే ఉరి. ఆ రాత్రి జైలు గదిలో తన బతుకంతా నెమరేసుకుంటాడు. తండ్రి వెట్టివాడు. నిజాం ఏలుబడిలో ఉర్దూ అంటే సర్కారు భాష. కచేరీ కాగితం ఆ భాషలోనే వచ్చేది, రైతుకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అదే ఉర్దూలో వెట్టివాడి కొడుకు కథానాయకుడయ్యాడు. ఇదేమన్నా చిన్న సంగతా?

1979లో బి.నర్సింగరావు, రవీంద్రనాథ్ ఈ కథను సినిమాగా తీయించారు. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, ఆయనకిదే తొలి కథాచిత్రం. రాఘవరావు ఇక్కడ రామయ్య అయ్యాడు, సాయిచంద్ ఆ వేషం కట్టాడు. (సుంకర, వాసిరెడ్డి 1947లో రాసిన 'మాభూమి' నాటకం వేరు. పేరొకటే.) పుస్తకం చదవని, చదవలేని జనం ఈ సినిమా చూశారు. హైదరాబాదులో ఉదయం ఆటలు ఏడాది నడిచాయి.

అయితే సినిమాకు ప్రాణం పోసింది పాటలు. అవి నవలలోవి కావు. 'బండెనక బండి' బండి యాదగిరిది, 'పల్లెటూరి పిల్లగాడ' సుద్దాల హనుమంతుది. ఇద్దరూ ఆ పోరాటంలోని మనుషులే. అంటే ఉద్యమం నుంచి కథ పుస్తకంలోకి పోయింది, పుస్తకం నుంచి తెరమీదికొచ్చి మళ్ళీ ఉద్యమం పాటనే అందుకుంది. తెరమీద ఆ పాట పాడిన గద్దర్ 2023లో కన్నుమూశాడు. పాట మాత్రం ఆగలేదు. ప్రత్యేక తెలంగాణ సభల్లోనూ మోగింది. నిజాం పేరు తీసి ఎవరికి కోపమున్న పేరు వాళ్ళు పెట్టుకున్నారు. పాడుకోనీ, తప్పేముంది.

నాకు వెలితిగా తోచేది వేరొకటి. పాట నిలిచింది గానీ కథలోని చివరి భాగం మరుగున పడింది. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. వాళ్ళ వెనకే పారిపోయిన దొరలూ ఊళ్ళోకి దిగారు. జనం పంచుకున్న భూముల మీద మళ్ళీ పడ్డారు. సినిమాలో రామయ్య చనిపోయేది నిజాం పోయాకనే. ఊళ్ళో తెర కట్టి 'మాభూమి' వేసే కార్యకర్తలు పాట కాగానే జనాన్ని లేవనివ్వకండి. ఆ భాగం అయ్యేదాకా కూర్చోబెట్టండి. తర్వాత, మన ఊళ్ళో ఆనాడు పంచిన చెలక ఇప్పుడు ఎవరి పట్టాలో ఉందని ముసలోళ్ళను అడగండి.